సిమ్యులేషన్లతో ఫిజిక్స్ ప్రాక్టికల్స్ నడపొచ్చా?

ప్రశ్న: ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బీఎస్సీ పిల్లలకు మెకానిక్స్, విద్యుత్తు చెబుతాను. మా ల్యాబ్‌లో సగం పరికరాలు మూలన పడ్డాయి. రిపేర్లకు డబ్బు లేదు కాబట్టి కొన్ని ప్రాక్టికల్స్ కంప్యూటర్ సిమ్యులేషన్లతో కానిచ్చేయమని ప్రిన్సిపాల్ గారు అంటున్నారు. ఏడాదిగా ప్రొజెక్టర్ మీద ఫెట్ అనే వెబ్‌సైట్‌లోని సిమ్యులేషన్లు చూపిస్తున్నాను. పిల్లలు ఇష్టంగా చూస్తారు, పరీక్షలో మాత్రం పాత తప్పులే రాస్తారు. పైగా మొన్న ఒకమ్మాయి "తెర మీద స్ప్రింగ్ ఆగకుండా ఊగుతోంది, మన ల్యాబ్‌లోది కాసేపటికే ఆగిపోతోంది, ఏది కరెక్టు సార్?" అని అడిగింది. నిజానికి దగ్గరగా ఉండే సిమ్యులేషన్లు ఎక్కడ దొరుకుతాయి? వాటిని ఎలా వాడాలి? బ్యాచ్‌కి 30 మంది, పనిచేసే కంప్యూటర్లు 10. నెట్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ప్రోగ్రామింగ్ నాకూ రాదు, వాళ్ళకూ రాదు.

జవాబు: లెక్చరర్ గారూ, ముందు ఆ అమ్మాయి ప్రశ్ననే పట్టుకోండి. మీ సెమిస్టర్‌కు సరిపడా పని అందులోనే ఉంది. తెర మీది స్ప్రింగ్ ఆగకపోవడానికి కారణం, దాన్ని రాసినవాళ్ళు గాలి నిరోధాన్ని సున్నా అనుకోవడం. బల్ల మీది స్ప్రింగ్‌కు ఆ సౌకర్యం లేదు. ఏ సిమ్యులేషన్ అయినా కొన్నిటిని లెక్కలోకి తీసుకుని మిగతావాటిని వదిలేస్తుంది. వదిలేసినవి ఏమిటో విద్యార్థికి తెలిసి, వాటిలో ఒకదాన్ని తనే సంఖ్యతో సహా చేర్చి, వచ్చిన జవాబును బల్ల మీది కొలతతో పోల్చగలిగితే అది వాస్తవిక సిమ్యులేషన్. త్రీడీ బొమ్మలు, నీడలు, శబ్దాలు ఎన్ని ఉన్నా ఈ పోలికకు వీలు లేకపోతే అది యానిమేషనే. కాబట్టి ఎక్కడ దొరుకుతాయని వెతకనక్కర్లేదు. చాలావరకు మీ పిల్లలే ఎక్సెల్‌లోనో లిబ్రే ఆఫీస్ కాల్క్‌లోనో తయారు చేసుకోగలరు. నెట్ అక్కర్లేదు, ప్రోగ్రామింగూ అక్కర్లేదు.

చూపించినా మార్కులు ఎందుకు పెరగలేదన్న సంగతి ముందు తేల్చుకుందాం. 2004లో హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ బృందం క్లాసులో చేసే ప్రదర్శనల మీద ఒక అధ్యయనం ప్రచురించింది. ప్రదర్శనను ఊరికే చూసినవాళ్ళు, అసలు చూడనివాళ్ళకన్నా విషయాన్ని పెద్దగా ఎక్కువ అర్థం చేసుకోలేదు. ఏం జరుగుతుందో ముందే ఊహించి రాసి, తర్వాత చూసినవాళ్ళు మెరుగయ్యారు. అవి బల్ల మీది ప్రదర్శనలే అయినా ప్రొజెక్టర్ మీది సిమ్యులేషన్‌కూ ఇదే వర్తిస్తుంది. ఊహ రాయని విద్యార్థి, జవాబు కనబడగానే "నేనూ ఇదే అనుకున్నాను" అని సమాధానపడిపోతాడు. తప్పు ఎక్కడుందో అతనికి తెలియదు, మీకూ తెలియదు.

అందుకని సిమ్యులేషన్ తెరవండి గానీ ప్లే నొక్కకండి. బొమ్మ కదలకుండా ఉండగానే ప్రశ్న వేయండి. ప్రతి ఒక్కరూ కాగితం మీద సంఖ్యో, గ్రాఫ్ ఆకారమో పెన్నుతో వేయాలి. పెన్సిల్ ఇస్తే తర్వాత చెరిపేస్తారు. రెండు నిమిషాలు పక్కవాళ్ళతో వాదించుకోనివ్వండి, చేతులెత్తించి లెక్కపెట్టండి, అప్పుడు నడపండి. "ఏమవుతుంది?" అని అడిగితే ఎవరూ పట్టుబడరు. "ద్రవ్యరాశి నాలుగు రెట్లు చేస్తే ఆవర్తన కాలం ఎన్ని రెట్లు?" అని అడిగితే ఏదో ఒకటి రాయక తప్పదు. పీరియడ్‌కు ఇలాంటివి రెండు చాలు, అరడజను పెడితే అన్నీ తేలిపోతాయి.

ఇక ల్యాబ్ సంగతి. హెలికల్ స్ప్రింగ్, స్లాటెడ్ వెయిట్లు, స్టాప్‌వాచ్ మీ దగ్గర ఇంకా పనిచేస్తూనే ఉంటాయి, వాటిలో చెడిపోవడానికి ఏమీ లేదు. ముందు బల్ల మీద స్ప్రింగ్ స్థిరాంకం కొలిపించండి. 50 గ్రాముల చొప్పున పెంచుతూ సాగుదల రాసి, గ్రాఫ్ వాలు తీసుకోవాలి. కొన్ని స్ప్రింగుల్లో చుట్లు ఒకదానికొకటి బిగుసుకుని ఉంటాయి. వాటిలో మొదటి 50 గ్రాములకు సాగుదల తక్కువ వస్తుంది కాబట్టి ఒకే రీడింగ్‌తో స్థిరాంకం కట్టొద్దు. 50 గ్రాములకు 6.1 సెంటీమీటర్లు సాగితే స్థిరాంకం మీటరుకు 8 న్యూటన్లు. 200 గ్రాములు తగిలించి సూత్రంలో వేస్తే ఆవర్తన కాలం 0.99 సెకన్లు, అంటే 20 డోలనాలకు 19.9 సెకన్లు రావాలి.

ఇప్పుడు షీటు. ఎఫ్1 గడిలో 8, ఎఫ్2లో 0.2, ఎఫ్3లో 0.01 వేయండి. ఇవి వరసగా స్ప్రింగ్ స్థిరాంకం, కిలోల్లో ద్రవ్యరాశి, సెకన్లలో కాలపు అడుగు. నిలువు వరుసల్లో ఏ (A) కాలానికి, బీ (B) వేగానికి, సీ (C) స్థానభ్రంశానికి. రెండో అడ్డ వరుసలో 0, 0, 0.05 వేస్తే 5 సెంటీమీటర్లు లాగి వదిలినట్టు. మూడో అడ్డ వరుసలో మూడు సూత్రాలు:

ఏ3 = ఏ2 + ఎఫ్3
బీ3 = బీ2 − (ఎఫ్1 ÷ ఎఫ్2) × సీ2 × ఎఫ్3
సీ3 = సీ2 + బీ3 × ఎఫ్3

ఈ మూడింటినీ 1002వ అడ్డ వరుస దాకా కిందికి లాగితే 10 సెకన్ల కదలిక వస్తుంది. ఏ, సీ వరుసలతో స్కాటర్ గ్రాఫ్ గీయండి. లైన్ చార్ట్ ఎంచుకుంటే అడ్డ అక్షం మీద కాలానికి బదులు వరుస సంఖ్యలు వస్తాయి, జాగ్రత్త. సూత్రాల్లో ఎఫ్ గడుల పేర్లకు డాలర్ గుర్తు ($F$1 లాగా) పెట్టడం చాలామంది మరచిపోతారు. పెట్టకపోతే కిందికి లాగినప్పుడు సూత్రం ఎఫ్2, ఎఫ్3, ఎఫ్4 అని జారిపోయి ఖాళీ గడులను పట్టుకుంటుంది, అప్పుడు సున్నాలో, సున్నాతో భాగించావన్న ఎర్రరో వస్తుంది. మొదటి రోజు సగం కంప్యూటర్ల దగ్గర మిమ్మల్ని పిలిచేది ఇందుకే.

మూడో సూత్రంలో బీ2 కాదు, బీ3 ఉంది. అంటే వేగాన్ని ముందు మార్చి, ఆ కొత్త వేగంతోనే స్థానాన్ని జరుపుతున్నాం. దీన్ని ఆయిలర్-క్రోమర్ పద్ధతి అంటారు. ఒక జట్టు చేత కావాలనే బీ2 వేయించండి. గ్రాఫ్ ఊగుతూ ఊగుతూ పెద్దదవుతుంది. పది సెకన్లకు 5 సెంటీమీటర్ల కంపన పరిమితి కాస్తా 37 దాకా పోతుంది. స్ప్రింగ్‌కు శక్తి ఎక్కడినుంచి వస్తోంది? ఎక్కడినుంచీ కాదు, లెక్క వేసిన తీరులోనే పుడుతోంది. పాత వేగం వాడితే ప్రతి అడుగులోనూ శక్తి 0.4 శాతం పెరుగుతుంది. సెకనుకు నూరు అడుగులు కాబట్టి ఒక్క సెకనులోనే దాదాపు 49 శాతం పెరుగుదల. అడుగును 0.001కి తగ్గిస్తే అదే పది సెకన్లలో 5 సెంటీమీటర్లు 6.1 అవుతుంది. తప్పు తగ్గింది, పోలేదు. బీ3 వాడితే 0.01 అడుగుతోనే 5 దగ్గర నిలబడుతుంది. కంప్యూటర్ చెప్పింది కాబట్టి నిజమేనన్న నమ్మకం ఇక్కడ సడలుతుంది. శక్తి నిత్యత్వం పరీక్షలో రాసే నిర్వచనం మాత్రమే కాదనీ, లెక్క తప్పిందో లేదో పట్టిచ్చే సాధనమనీ తెలుస్తుంది. ఉపగ్రహ కక్ష్యను ఇలాగే పాత వేగంతో కడితే మూసుకోవాల్సిన కక్ష్య బయటికి చుట్లు తిరుగుతూ పోతుంది, కారణం ఇదే.

షీటు సరిగ్గా వచ్చాక మళ్ళీ బల్ల దగ్గరికి పంపండి. 20 డోలనాలకు 19.9 రావాల్సిన చోట 20.4 వచ్చిందనుకుందాం. పిల్లలు వెంటనే "హ్యూమన్ ఎర్రర్" అని రాసేస్తారు. ఆ మాటను రికార్డుల్లో నిషేధించడం మంచిది. స్టాప్‌వాచ్ నొక్కడంలో తేడా 0.2 సెకన్ల వరకు ఉండొచ్చు, అది కూడా ఒకసారి అటు, ఒకసారి ఇటు వస్తుంది. అయిదుసార్లు కొలిచినా అర సెకను ఎప్పుడూ ఎక్కువ వైపే వస్తుంటే దానికి వేరే కారణం ఉండాలి. ఇక్కడ కారణం స్ప్రింగ్ సొంత బరువు. అది 30 గ్రాములు ఉంటే, అందులో మూడో వంతు, అంటే 10 గ్రాములు, వేలాడే ద్రవ్యరాశికి కలపాలి. షీటులో ఎఫ్2ను 0.21 చేయించండి, 20 డోలనాలకు 20.4 వచ్చేస్తుంది. సిమ్యులేషన్ వదిలేసినదాన్ని బల్ల పట్టించింది, షీటు ఒప్పుకుంది. ఈ రాకపోకలు జరగని ప్రాక్టికల్‌లో కంప్యూటర్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు సంఖ్యలతో జవాబు. కంపన పరిమితి 5 నుంచి 2.5 సెంటీమీటర్లకు పడిపోవడానికి ఎంతసేపు పట్టిందో కొలవమనండి. పైకి కిందికి ఊగే బరువుకు 15 సెంటీమీటర్ల అట్ట చక్రం అడ్డంగా అంటిస్తే పని త్వరగా అవుతుంది. దాని బరువునూ ఎఫ్2లో కలపాలి. నిరోధ బలం వేగానికి అనులోమంగా ఉందనుకుంటే దాని గుణకం, ద్రవ్యరాశిని 1.39తో గుణించి ఆ సగమయ్యే కాలంతో భాగిస్తే వస్తుంది. 0.2 కిలోలకు 60 సెకన్లు పట్టిందంటే 0.0046. దీన్ని ఎఫ్4లో వేసి, బీ3 సూత్రం చివర − (ఎఫ్4 ÷ ఎఫ్2) × బీ2 × ఎఫ్3 చేర్చండి. షీటు కూడా ఆగిపోవడం మొదలెడుతుంది, అదీ బల్ల మీది వేగంతోనే. ఇక్కడితో వదలకండి. 2.5 నుంచి 1.25కి రావడానికీ అంతే సేపు పట్టాలి. ఎక్కువ పడితే నిరోధం వేగానికి కాక, కొంతవరకు దాని వర్గానికి అనులోమంగా ఉందన్నమాట. అట్ట చక్రంతో సాధారణంగా అలాగే అవుతుంది.

షీటు ఎప్పటికీ చూపించని సంగతి ఇంకొకటుంది. సాగుదల స్ప్రింగ్ అసలు పొడవులో మూడో వంతుకు దగ్గరగా వస్తే, పైకి కిందికి ఊగుతున్న బరువు కాసేపటికి దానంతటదే పక్కలకు ఊగడం మొదలుపెట్టి, మళ్ళీ నిలువుకు తిరిగొస్తుంది. 15 సెంటీమీటర్ల స్ప్రింగ్‌కు 50 గ్రాములు తగిలిస్తే ఇది కనబడే అవకాశం ఎక్కువ. అక్కడ నిలువు డోలనాల పౌనఃపున్యం లోలకంగా ఊగే పౌనఃపున్యానికి రెట్టింపు కావడంతో శక్తి ఒక కదలిక నుంచి ఇంకోదానికి మారుతుంది. మన షీటు ఒకే దిశలో లెక్కపెడుతోంది కాబట్టి దానికి పక్క అనేదే తెలియదు. రీడింగ్ పాడైందని తిట్టుకోకుండా పిల్లలకు అది చూపించి, తర్వాత బరువు పెంచి మామూలు ప్రయోగం చేయించండి.

గాలి నిరోధాన్ని లోతుగా చూపించాలంటే బేకరీ సామాను షాపులో కప్‌కేక్ కాగితపు కప్పులు ఒక ప్యాకెట్ తెప్పించండి. 20 కప్పులు కలిపి తూచి, ఒక్కోదాని బరువు భాగించి తీసుకోవాలి. ఒక్కో కప్పును విడిగా తూచే త్రాసు మన ల్యాబుల్లో తక్కువ. కప్పు నోరు పైకి ఉండేలా వదిలితే తిరగబడకుండా నిటారుగా దిగుతుంది, సెకనుకు ఇంచుమించు ఒకటి, ఒకటిన్నర మీటర్ల స్థిర వేగం (అంత్య వేగం) అందుకుంటుంది. ప్రశ్న: నాలుగు కప్పులు ఒకదానిలో ఒకటి పెట్టి వదిలితే అంత్య వేగం ఎన్ని రెట్లు? నిరోధం వేగానికి అనులోమమైతే నాలుగు రెట్లు, వేగ వర్గానికి అనులోమమైతే రెండు రెట్లు. క్లాసులో ఎక్కువమంది నాలుగు అంటారు. బల్ల మీద రెండే వస్తుంది.

అయితే ఎత్తు చూసుకోండి. ఒక్క కప్పు 40 సెంటీమీటర్ల లోపే అంత్య వేగానికి దగ్గరవుతుంది. నాలుగింటికి దాని నాలుగు రెట్లు, అంటే మీటరున్నర పైన పడుతుంది. రెండు మీటర్ల నుంచి వదిలితే కొలవడానికి చివరి అర మీటరు కూడా సరిగ్గా మిగలదు. మెట్ల దగ్గర మూడు మీటర్ల ఎత్తు దొరికితే బాగుంటుంది, ఫ్యాన్లు మాత్రం ఆపేయాలి.

దీన్ని ఫోన్‌తో తీసి ట్రాకర్ అనే ఉచిత వీడియో విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో కొలవొచ్చు. తప్పులు జరిగే చోట్లు మూడు. మీటరు స్కేలును వెనక గోడకు ఆనించి, కప్పులను దానికి అర మీటరు ముందు వదిలితే, కప్పులకు మూడు మీటర్ల దూరంలో ఉన్న కెమెరాకు స్కేలు చిన్నగా కనబడి వేగాలన్నీ 17 శాతం ఎక్కువ వస్తాయి. స్కేలు కప్పు పడే దారి పక్కనే, అంతే దూరంలో నిలబెట్టాలి. రెండోది స్లో మోషన్. సెకనుకు 240 ఫ్రేములతో తీసిన వీడియోను ఫోన్ 30 ఫ్రేముల ఫైలుగా దాచితే కాలం ఎనిమిది రెట్లు సాగిపోతుంది, రాయిని వదిలి కొలిచిన గురుత్వ త్వరణం 9.8లో 64వ వంతు, అంటే 0.15 వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటును చేత్తో 240 అని ఇవ్వండి. మూడోది, కొన్ని ఫోన్లు వెలుతురు తగ్గితే ఫ్రేమ్ రేటును వాటంతటవే మార్చేస్తాయి. ఎండ బాగా ఉన్న వరండాలో తీస్తే ఈ గొడవ తగ్గుతుంది.

ఇదే షీటును రెండు దిశలకు పెంచితే క్రికెట్ బంతి వస్తుంది. బంతి ద్రవ్యరాశి 0.16 కిలోలు, వ్యాసార్ధం 3.6 సెంటీమీటర్లు, డ్రాగ్ (గాలి నిరోధ) గుణకం 0.45, గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు అనుకోండి. ఈ సంఖ్యలతో సెకనుకు 40 మీటర్ల వేగంలో, అంటే గంటకు 144 కిలోమీటర్లలో, గాలి బంతిని వెనక్కి నెట్టే బలం దాదాపు 1.76 న్యూటన్లు. బంతి బరువే 1.57. పాఠ్యపుస్తకంలో "గాలి నిరోధాన్ని ఉపేక్షించగా" అని వదిలేసేది, ఫాస్ట్ బౌలర్ బంతి విషయంలో గురుత్వాకర్షణకన్నా పెద్ద బలం! సెకనుకు 30 మీటర్లతో 45 డిగ్రీల కోణంలో కొడితే సూత్రం ప్రకారం 92 మీటర్లు పోవాలి, డ్రాగ్‌తో షీటు 63 దగ్గర ఆపేస్తుంది. దిగేటప్పుడు కోణం 45 కాదు, 54 డిగ్రీల దగ్గర ఉంటుంది. లెక్కకన్నా ముందు ఆ దారి బొమ్మ గీయమనండి, అందరూ అచ్చమైన పరావలయమే గీస్తారు.

ఇందులో పిల్లలు తప్పకుండా చేసే పొరపాటు ఒకటుంది. క్షితిజ దిశకు క్షితిజ వేగ వర్గాన్ని, నిలువు దిశకు నిలువు వేగ వర్గాన్ని వేస్తారు. డ్రాగ్ మొత్తం వేగం మీద ఆధారపడుతుంది కాబట్టి ప్రతి దిశలోనూ మొత్తం వేగాన్ని ఆ దిశ వేగంతో గుణించాలి. విడివిడిగా వర్గం చేస్తే 45 డిగ్రీల దగ్గర నిరోధం దాదాపు 30 శాతం తగ్గిపోతుంది. అంతకన్నా ఘోరం, వర్గానికి రుణ గుర్తు ఉండదు కాబట్టి బంతి కిందికి దిగేటప్పుడు కూడా గాలి దాన్ని కిందికే తోస్తుంది. ఇంకో చిన్న సంగతి: షీటులో సైన్, కొసైన్ ఫంక్షన్లు రేడియన్లలోనే పనిచేస్తాయి. 30 అని నేరుగా వేస్తే సైన్ విలువ −0.99 వచ్చి బంతి నేలలోకి పోతుంది. ఫెట్‌లోని ప్రొజెక్టైల్ సిమ్యులేషన్‌లోనూ గాలి నిరోధాన్ని పెట్టి, తీసి చూడొచ్చు. అయితే దాన్ని షీటు కట్టాకే చూపించండి. తాము రాసిన సూత్రమే లోపల నడుస్తోందని గుర్తుపడతారు.

విద్యుత్తు దగ్గరకొస్తే నా సలహా కొంచెం మారుతుంది. అక్కడ సిమ్యులేషన్‌ను ముందు పెట్టొచ్చు. కొలరాడో విశ్వవిద్యాలయంలో కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ ప్రాజెక్టు వాళ్ళే 2005లో ప్రచురించిన అధ్యయనంలో, బల్బులు, తీగలు నిజంగా చేత్తో పట్టుకుని నేర్చుకున్నవాళ్ళకన్నా సర్క్యూట్ సిమ్యులేషన్‌తో నేర్చుకున్నవాళ్ళు భావనల ప్రశ్నల్లో మెరుగ్గా చేశారు. ఆ తర్వాత నిజమైన సర్క్యూట్ కట్టమన్నా బాగానే కట్టారు. కారణం ఊహించడం కష్టం కాదు. ప్రవాహం కంటికి కనబడుతుంది, తుప్పు పట్టిన క్లిప్పు, ఫ్యూజ్ పోయిన మీటరు మధ్యలో అడ్డం రావు. అయితే ఆ సుఖంలోనే ఒక తప్పు భావన దాక్కుంటుంది. అంతర్నిరోధం సున్నా అయిన బ్యాటరీకి బల్బులు సమాంతరంగా ఎన్ని కలిపినా వెలుగు తగ్గదు, నిజమైన సెల్‌తో చేస్తే తగ్గుతుంది. సిమ్యులేషన్‌లో బ్యాటరీ నిరోధం మార్చే స్లైడర్ ఉంది, వాడండి. 9 వోల్టుల బ్యాటరీకి 2 ఓమ్‌ల అంతర్నిరోధం పెట్టి 10 ఓమ్‌ల బల్బు కలిపితే కొనల మధ్య 7.5 వోల్టులు, రెండు బల్బులకు 6.43, మూడింటికి 5.63. పిల్లలు ముందు కాగితం మీద కట్టి, తర్వాత తెర మీద మీటరు పెట్టి సరిచూసుకోవాలి. ఆఖరున పాత టార్చి సెల్స్‌తో బల్ల మీద చేస్తే అదే ధోరణి కనబడాలి, అంకెలు మాత్రం కలవవు. టార్చి బల్బు ఫిలమెంటు చల్లగా ఉన్నప్పటి నిరోధం, వెలుగుతున్నప్పటి నిరోధంలో ఇంచుమించు పదో వంతే. అది స్థిరమైన 10 ఓమ్‌లు కాదు.

కేంద్ర ప్రభుత్వ ఐసీటీ మిషన్ కింద వచ్చిన వర్చువల్ ల్యాబ్స్ కూడా ప్రిన్సిపాల్ గారి మనసులో ఉండి ఉంటాయి. ఐఐటీలతో పాటు హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, అమృత విశ్వవిద్యాపీఠం వాటిలో భాగస్వాములు. పరికరాన్ని, దాని మీటలను, రీడింగ్ తీసే వరసను పోలినట్టు తయారైనవి వాటిలో చాలా ఉన్నాయి. ప్రాక్టికల్‌కు ముందు రోజు సాధనకు చక్కగా పనికొస్తాయి, ల్యాబ్‌లో మొదటి అరగంట ఆదా అవుతుంది. కొలతలో అనిశ్చితి మాత్రం అక్కడ నేర్పలేం. పదిసార్లు నొక్కితే పదిసార్లూ ఒకే జవాబు ఇచ్చేదాంట్లో సగటు ఎందుకు తీయాలో విద్యార్థికి ఎలా తెలుస్తుంది? కాబట్టి ప్రిన్సిపాల్ గారితో ఇలా చెప్పి చూడండి: మెకానిక్స్‌లో బల్లను తీసేయడం కుదరదు, దానికయ్యే ఖర్చు కూడా పెద్దదేం కాదు. మన ల్యాబ్‌లో ఎప్పటికీ పెట్టలేని గ్రహ కక్ష్యలు, వాయు అణువుల కదలికలు, విద్యుత్ క్షేత్ర రేఖల వంటి వాటికి సిమ్యులేషన్ ఒక్కటే దారి, వాటిని పూర్తిగా కంప్యూటర్ మీదే చేద్దాం. ఖరీదైన పరికరం పాడైన చోట, అది బాగయ్యేదాకా తాత్కాలికంగా వాడుకుందాం, రికార్డులో ఆ మాట స్పష్టంగా రాయిద్దాం.

మీ 10 కంప్యూటర్లకు ముగ్గురు చొప్పున సరిపోతారు. ఒకరు కీబోర్డు, ఒకరు నోట్‌బుక్, మూడోవారి పని అనుమానించడం: ప్రమాణాలు సరిపోయాయా, ఈ అంకె నమ్మేలా ఉందా అని అడగడం. ప్రతి అరగంటకు పనులు మార్చాలి, లేకపోతే కంప్యూటర్ వచ్చినవాడే సెమిస్టరంతా కీబోర్డు వదలడు. ఒకే సెషన్‌లో బల్ల, షీటు రెండూ పట్టించాలంటే 15 మందిని బల్ల దగ్గర, 15 మందిని కంప్యూటర్ల దగ్గర మొదలుపెట్టి మధ్యలో మార్చండి. ఫెట్‌లో హెచ్‌టీఎంఎల్ 5 సిమ్యులేషన్లను ఒక్కో ఫైలుగా దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు, నెట్ లేకుండా బ్రౌజర్‌లో తెరుచుకుంటాయి. పాత ఫ్లాష్ ఫైళ్ళు ఎక్కడైనా దాచి ఉంటే తీసేయండి, ఫ్లాష్‌కు మద్దతు 2020 చివర్లోనే ఆగిపోయింది. షీటు అలవాటయ్యాక ఆసక్తి ఉన్న ముగ్గురు నలుగురికి వెబ్ వీపైథాన్ అనే ప్రోగ్రామింగ్ సైట్ చూపించొచ్చు. అదే మూడు సూత్రాలను బ్రౌజర్‌లోనే రాస్తే త్రీడీలో బంతి కదులుతుంది. దానికి నెట్ కావాలి, అందరికీ తప్పనిసరి చేయొద్దు.

మార్కుల విషయంలో ఒకటే పట్టుదల పెట్టుకోండి. రికార్డులో ముందు రాసిన ఊహ, అది తప్పయినా సరే, పెన్నుతో అలాగే ఉండాలి, తప్పు ఊహకు మార్కు తగ్గించకూడదు. తగ్గిస్తే మరుసటి వారం నుంచి జవాబు చూశాకే ఊహ రాస్తారు. మార్కులు ఇవ్వాల్సింది బల్లకూ షీటుకూ మధ్య తేడా ఎంత వచ్చింది, దానికి ఏ కారణం చెప్పారు, ఆ కారణాన్ని షీటులో పెట్టి సరిచూశారా అన్నదానికి. వైవాలో ఆవర్తన కాలం సూత్రం అడగడం మానేసి, షీటు తెరిచి ఒక గడి చూపించండి. "ఇక్కడ 0.01 బదులు 0.4 వేస్తే ఏమవుతుంది?" అని అడగండి. ఈ స్ప్రింగ్‌కు అడుగు 0.32 సెకన్లు దాటితే ఆయిలర్-క్రోమర్ కూడా తట్టుకోలేదు, అంకెలు కొద్ది వరుసల్లోనే అదుపు తప్పి పేలిపోతాయి. ఎందుకో చెప్పలేకపోయినా ఫరవాలేదు. వేసి చూసి, ఇది స్ప్రింగ్ పని కాదు, లెక్క పని అని గుర్తుపట్టిన విద్యార్థికి పూర్తి మార్కులు ఇవ్వొచ్చు.